వెయ్యి గజాల రైఫిల్‌కి ఏ కాలిబర్? ముందు బుల్లెట్ ఎంచుకోండి

మీ ప్రశ్న ఇదీ: కాగితం టార్గెట్ల మీద వెయ్యి గజాల దాకా కాల్చడానికి కస్టమ్ రైఫిల్ కట్టించుకుంటున్నారు, .308 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మూర్, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, ఈ మూడింట్లో ఏది మేలు అని. ఒక్క ముక్కలో కావాలంటే 6.5 క్రీడ్‌మూర్. ఎఫ్-టీఆర్ (పడుకుని, రైఫిల్‌ని ఆనించి, స్కోప్‌తో కాల్చే ఎఫ్-క్లాస్ పోటీల్లో ఒక విభాగం) పోటీల్లో దిగే ఆలోచన ఉంటే .308, అక్కడ ఇక చర్చే లేదు, ఆ క్లాసులో .223 రెమింగ్టన్, .308 తప్ప వేరేదాన్ని లైన్ మీదికి రానివ్వరు. మాగ్నమ్ మాత్రం వద్దు. ఇక్కడితో ఆపేస్తే జవాబు అయిపోయినట్టే గానీ, అసలు ఈ ప్రశ్న అడిగే తీరు మీదే నాకు చాన్నాళ్లుగా పేచీ ఉంది, అది చెప్పకుండా వదలను.

అందరూ కాలిబర్ దగ్గర మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది బుల్లెట్ దగ్గర, అంటే రౌండ్ మొత్తంలో ఎగిరిపోయి తగిలే ముక్క దగ్గర.

మా క్లబ్ మ్యాచ్‌ల్లో కాల్చే వంతు అయిపోయాక టార్గెట్ల గుంతలో డ్యూటీ చేయాలి. ముందు మట్టికట్ట, దాని చాటున మనం, పైకీ కిందకీ జరిగే ఫ్రేము. రౌండ్ తగలగానే ఫ్రేము దించడం, కొత్త రంధ్రంలో గుర్తు బిళ్ల గుచ్చడం, పాత రంధ్రం మీద కాగితం ముక్క అంటించడం, మళ్లీ పైకి తోయడం, ఇదే పని. బుల్లెట్ ఇంకా శబ్దవేగం కన్నా ముందుంటే నెత్తి మీద ఛట్‌మని చెవులు గింగురుమనేలా మోగుతుంది, ఆ చప్పుణ్ణి బట్టే ఫ్రేము దించుతాం. ఒక మ్యాచ్‌లో నా టార్గెట్ మీద కాలుస్తున్నాయన రౌండ్లకి ఆ చప్పుడే లేదు. కాగితం మీద టప్‌మని చిన్న శబ్దం, అదీ ఆ గాలిలో వినబడీ వినబడనట్టు. దించి చూస్తే తెల్ల భాగంలో ఎక్కడో మూలన ఒక చీలిక. గుండ్రటి రంధ్రం కాదు, అంగుళం పైన పొడుగు, ఒక చివర మొద్దుగా, రెండో చివర సన్నగా. అంటే బుల్లెట్ అడ్డం తిరిగి, పక్కవాటుగా వచ్చి తగిలిందన్నమాట. గుర్తు బిళ్ల కాడ అందులో నిలవక జారి కింద పడేది, ఎన్నిసార్లు వంగి ఏరుకున్నానో. పక్క ఫ్రేము దగ్గరున్న పెద్దాయన ఒకసారి తొంగి చూసి, "168 గ్రెయిన్లు, పొట్టి బ్యారెల్. పందెం కాస్తావా బాబూ?" అన్నాడు. నేను కాయలేదు. మ్యాచ్ అయ్యాక కనుక్కుంటే అక్షరాలా అదే: .308, 20 అంగుళాల బ్యారెల్, 168 గ్రెయిన్ (బుల్లెట్‌నీ పౌడర్‌నీ తూచే చిన్న బరువు కొలత) మ్యాచ్ బుల్లెట్.

ఆ 168ని మొదట్లో తయారుచేసింది 300 మీటర్ల పోటీల కోసం. దాని తోక కోణం ఎక్కువ, అందుకే శబ్దవేగం దగ్గరికి దిగేసరికి నిలకడ తప్పి పల్టీలు కొడుతుంది. 600 గజాల్లోపు వంక పెట్టడానికి లేని బుల్లెట్ అది. అదే రోజు మా పెద్దాయన ఫ్రేము మీద ఒకావిడ .308తోనే, 30 అంగుళాల బ్యారెల్‌లోంచి, 155 గ్రెయిన్ పాల్మా (వెయ్యి గజాల దాకా సాగే పోటీ) బుల్లెట్లు కాల్చింది. అన్నీ గుండ్రటి రంధ్రాలే, అన్నీ నలుపులోనే. కాలిబర్ ఇద్దరిదీ ఒకటే. ఇప్పుడు చెప్పండి, ".308 వెయ్యి గజాలకి పనికొస్తుందా" అన్న ప్రశ్నకి అర్థం ఉందా?

కాబట్టి మీరు ఏ బుల్లెట్ కాలుస్తారో ముందు తేల్చుకోండి, అది ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుందో లేదో చూసుకోండి, దానికి తగ్గ ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గాడులు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో ఆ లెక్క), దానికి తగ్గ బ్యారెల్ పొడవు, ఆ తర్వాతే కాలిబర్. 6.5లో 140 నుంచి 147 గ్రెయిన్ల వాటికి 8 అంగుళాలకి ఒక చుట్టు. 6 మిల్లీమీటర్లలో 105, 110 గ్రెయిన్లు కాల్చాలనుకుంటే ఏడున్నర గానీ ఎనిమిది గానీ. ఎఫ్-క్లాస్‌లోనే కాలిబర్ స్వేచ్ఛ ఎక్కువున్న ఎఫ్-ఓపెన్‌లో గట్టివాళ్లు చాలామంది 7 మిల్లీమీటర్ల 180 గ్రెయిన్ బుల్లెట్లని .284 విన్‌చెస్టర్ కుటుంబంలో వాడతారు, దానికి 9 అంగుళాల ట్విస్ట్ సరిపోతుంది. 6.5 క్రీడ్‌మూర్‌ని 2007లో హోర్నడీ వాళ్లు తెచ్చిందే టార్గెట్ షూటింగ్ కోసం, పొడవాటి బుల్లెట్ పెట్టినా షార్ట్ యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగం పొట్టిగా ఉండే రకం) ఇమిడేలా కేసుని, అంటే పౌడర్ ఉండే గొట్టాన్ని, పొట్టిగా ఉంచారు. నేను దాన్ని ముందు చెప్పడానికి సగం కారణం అది, మిగతా సగం ఫ్యాక్టరీ మ్యాచ్ రౌండ్లు తేలిగ్గా దొరకడం.

ఇక మాగ్నమ్. గంటకి 10 మైళ్ల అడ్డగాలిలో వెయ్యి గజాల దగ్గర .308 175 గ్రెయిన్ బుల్లెట్ సుమారు ఎనిమిది అడుగులు పక్కకి పోతుంది, 6.5 క్రీడ్‌మూర్ 140 గ్రెయిన్లది ఆరడుగుల దగ్గర ఉంటుంది, .300 మాగ్నమ్‌లో బరువైన బుల్లెట్ ఇంకో అడుగు పైచిలుకు తగ్గిస్తుంది. చార్టులో చూస్తే నోరూరుతుంది. కానీ మీరు గాలిని 2 మైళ్లు తప్పుగా అంచనా వేశారనుకోండి, 6.5తో 14 అంగుళాలు పోతుంది, మాగ్నమ్‌తో 11 అంగుళాలు. ఎఫ్-క్లాస్ టార్గెట్‌లో పది రింగు వెడల్పే 10 అంగుళాలు, అంటే మధ్య నుంచి అయిదే. రెండూ బయటే! ఆ మూడంగుళాల కోసం రౌండుకి 70 గ్రెయిన్ల పౌడర్ తగలేసి (6.5లో 40 చిల్లర చాలు), 20 రౌండ్ల స్ట్రింగ్‌లో పన్నెండోది వచ్చేసరికి ట్రిగ్గర్ నొక్కక ముందే కళ్లు మూసుకోవడం అలవాటు చేసుకుంటారు. రీకాయిల్ (వెనక్కి తన్నే దెబ్బ) తగ్గించడానికి బ్యారెల్ మూతికి బ్రేక్ పెట్టుకుంటానంటారేమో, ఎఫ్-క్లాస్‌లో బ్రేక్ పెట్టనివ్వరు. మాగ్నమ్‌తో బాగా కాల్చేవాళ్లు లేరా అంటే ఉన్నారు, వాళ్లు ఈ ప్రశ్న అడగరు.

బ్యారెల్ ఆయుష్షు సంగతి ఎవరూ ముందు చెప్పరు. .308 బ్యారెల్ మ్యాచ్ నాణ్యతతో అయిదు వేల రౌండ్ల దాకా లాగిస్తుంది, 6.5 క్రీడ్‌మూర్ రెండు, రెండున్నర వేలు, మాగ్నమ్ ఒకటిన్నర వేలు అటూ ఇటూ, 6.5-284 (.284 కేసులో 6.5 బుల్లెట్) అయితే వెయ్యి దాటాక రోజులు లెక్కపెట్టుకోవాలి. స్నేహితుడి 6.5-284 బ్యారెల్‌లోకి బోర్‌స్కోప్ దూర్చి చూశాను, ఛాంబర్ (రౌండ్ కూర్చునే చోటు) దాటగానే గొంతు దగ్గర ఉక్కు ఎండిన చెరువులా పగుళ్లు దేలి ఉంది, గాడుల మొదళ్లు కనబడటమే లేదు, ముందుకి పోతే మాత్రం అద్దంలా ఉంది. బయట నుంచి చూస్తే కొత్త రైఫిలే. అందుకే బ్యారెల్‌ని టైరు ఖాతాలో రాసుకోండి అని అందరికీ చెబుతుంటాను, ఏడాదికి ఎన్ని రౌండ్లు కాలుస్తారో లెక్కేస్తే మీకు ఏ కాలిబర్ అందుబాటులో ఉందో దానంతటదే తేలుతుంది. ప్రాక్టీస్ మానేసి బ్యారెల్‌ని దాచుకునే మాగ్నమ్ యజమానుల్ని చాలామందిని చూశాను.

ఇంకో చిరాకు. మూడు రౌండ్ల గ్రూపు ఫోటో పెట్టి "నాది పావు మినిట్ రైఫిల్" (వంద గజాల దగ్గర గ్రూపు సుమారు పావు అంగుళమే అని) అనేవాళ్ల మాట నమ్మి కాలిబర్ ఎంచుకోకండి. వంద గజాల దగ్గర మూడు రౌండ్లు ఏ కాలిబర్‌లోనైనా ఎప్పుడో ఒకసారి ఒకే రంధ్రంలో పడతాయి. 20 రౌండ్లు కాల్చిన కాగితం చూపించమనండి, వేగం తేడాలు ఎంత ఉన్నాయో అడగండి. రౌండుకీ రౌండుకీ సెకనుకి 20 అడుగుల వేగం తేడా ఉంటే వెయ్యి గజాల దగ్గర పైకీ కిందకీ అయిదంగుళాలు అక్కడే పోయాయి, ఇక గాలిని తిట్టి ఏం లాభం? ఏటా ఒక కొత్త కార్ట్రిడ్జ్ వస్తుంది, పాతది పనికిరాదన్నట్టు మాట్లాడతారు. 6 డ్యాషర్, 6 జీటీ లాంటివి మంచివే, రీకాయిల్ తక్కువ, తగిలిన చోటు స్కోప్‌లోంచి మీరే చూసుకోవచ్చు. కానీ మీకు రీలోడింగ్ (రౌండ్లు సొంతంగా తయారుచేసుకోవడం) అలవాటు లేకపోతే మొదటి రైఫిల్‌కే ఆ టెన్షన్ ఎందుకు?

మీ పని తేలిక చేసేది ఇంకొకటుంది. .308, 6.5 క్రీడ్‌మూర్, 6 డ్యాషర్, .284, వీటన్నిటికీ .473 అంగుళాల బోల్ట్ ఫేసే (బోల్ట్‌లో కేసు అడుగు కూర్చునే చోటు). అంటే ఒక మంచి యాక్షన్, స్టాక్, ట్రిగ్గర్ తీసుకుంటే రేపు మనసు మారినా బ్యారెల్ మారిస్తే చాలు (.284లో ఆ పొడుగు బుల్లెట్లకి లాంగ్ యాక్షన్ నయం, అది వేరే సంగతి). మాగ్నమ్‌కి బోల్ట్ కూడా మార్చాలి.

ఆర్డర్ ఇచ్చే ముందు మీ లైసెన్సులో ఏ కాలిబర్‌కి అనుమతి ఉందో, మీ రేంజ్ దేన్ని ఒప్పుకుంటుందో కనుక్కోండి. తర్వాత ఒకే రీమర్‌తో (ఛాంబర్ తొలిచే పనిముట్టు) రెండు బ్యారెళ్లు ఒకేసారి ఛాంబర్ చేయించండి, ఒకటి అరిగేసరికి రెండోది సిద్ధంగా ఉంటుంది, గన్‌స్మిత్ క్యూలో నెలల తరబడి పడిగాపులు పడక్కర్లేదు. మీరు వాడబోయే బుల్లెట్‌ని పౌడర్, ప్రైమర్ లేని ఖాళీ కేసులో మీకు కావాల్సిన పొడవుకి కూర్చి ఆయనకి ఇవ్వండి, గొంతు ఎంత లోతు కోయాలో దాన్ని చూసే కొలుచుకుంటాడు. మ్యాగజైన్ పెట్టించుకునేట్టయితే ఆ పొడవు అందులో పడుతుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.