డీయెల్‌లో జెడ్ ఎక్కడిది?

ప్రశ్న: మా తమ్ముడు ఓడలో పనిచేస్తాడు. వాళ్ల చీఫ్ ఇంజనీరుది స్కాట్లాండ్. ఇంటిపేరు రాసేది డి, ఎ, ఎల్, జెడ్, ఐ, ఇ, ఎల్. పిలిచేది మాత్రం ‘డీయెల్’ అని! మావాడు ‘డాల్‌జీల్’ అని చదివితే అందరూ నవ్వారట. ఆ మాటకు ‘నేను తెగిస్తాను’ అని అర్థమట, నిజమేనా? వాళ్ల పూర్వీకుల వివరాలు వెతికితే దొరుకుతాయా?
- ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: మీ తమ్ముడు ఉన్నదున్నట్టే చదివాడు. అసలు అక్కడ ఉండాల్సింది జెడ్ కాదు. పాత స్కాట్స్ భాషలో ‘యోఖ్’ అనే అక్షరం ఉండేది. చూడ్డానికి 3 అంకెలా ఉంటుంది, ‘య’కు దగ్గరగా పలుకుతుంది. ఎడిన్‌బరోలో 1508లో అచ్చుపని మొదలయ్యాక, టైపుల్లో ఆ అక్షరం లేక, చేతిరాతలో దాన్ని పోలిన జెడ్‌ను పెట్టేశారు. జనం మాత్రం పాత పలుకే పలికారు. మనం ‘జడ’లో జను, ‘జపం’లో జను ఒకేలా రాసి వేరువేరుగా పలకడం లేదూ? మన ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫియతులు సేకరించిన కాలిన్ మెకంజీ పేరులోని జెడ్ కూడా ఇలా వచ్చిందే. కాకపోతే అక్కడ రాత గెలిచి, పలుకు మారిపోయింది.

ఇది ఊరి పేరు. లానార్క్‌షైర్‌లో, ఇప్పటి మదర్‌వెల్ దగ్గరి ఎస్టేటు. అప్పారావుగారు విజయనగరంలో ఉన్నా ఇంటిపేరు కృష్ణా జిల్లా గురజాడ అయినట్టే అనుకోండి. 1296లో ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్‌కు విధేయత ప్రకటించిన వాళ్ల జాబితాలో ఈ ఇంటిపేరు ఉంది. స్కాట్లాండ్‌లోని మరో పాత భాష గేలిక్‌లో ‘తెల్ల పొలం’ అని అర్థం చెబుతారు. ఇక ‘తెగిస్తాను’ సంగతి: శత్రువులు ఉరితీసిన రాజబంధువు శవాన్ని దించి తెచ్చేదెవరని రాజు అడిగితే ఒకడు అలా అని ముందుకొచ్చాడని కథ. వంశచిహ్నం మీద బట్టల్లేని మనిషి బొమ్మ, కింద ఆ మాటే నినాదంగా ఉంటాయి. కథ రసవత్తరమే గానీ పేరుకు తర్వాత అతికించిందే.

వెతకాలంటే ‘స్కాట్లాండ్స్ పీపుల్’ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది. పేర్ల సూచిక ఉచితం, అసలు పత్రం ఫొటో చూడాలంటే డబ్బు కట్టాలి. జననమరణాల నమోదు అక్కడ 1855 జనవరి 1న తప్పనిసరైంది. ఆ ఒక్క ఏడాది జనన పత్రంలో తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊరు కూడా రాశారు. పని ఎక్కువైందని మరుసటి ఏడాదే మానేశారు. అందుకే మీరు వెతికే పూర్వీకుడికి 1855లో పుట్టిన తోబుట్టువు ఎవరైనా ఉన్నారేమో ముందు చూడండి. అంతకుముందువి చర్చి రిజిస్టర్లు, వాటిలో ఖాళీలు ఎక్కువ.

చాలామంది దెబ్బతినేది స్పెల్లింగ్ దగ్గరే. జెడ్ బదులు వై ఉండొచ్చు, ఐ ఎగిరిపోవచ్చు, చివర ఎల్ రెండుసార్లు పడొచ్చు. డి, ఎ, ఎల్ కొట్టి, నక్షత్రం గుర్తు పెట్టి, చివర ఎల్ వేస్తే ఇవన్నీ ఒకేసారి వస్తాయి. ఆడవాళ్ల మరణ పత్రాలను పుట్టింటిపేరుతోనూ వెతకండి, అక్కడ అదీ నమోదు చేస్తారు.

వాళ్లలో ఎవరైనా మనవైపు ఉద్యోగానికి వచ్చారేమో చూడాలంటే లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రికార్డులున్నాయి. శ్రీకాకుళం అని కొడితే ఏమీ రాదు. ‘చికాకోల్’ అని, అదీ గంజాం జిల్లా కింద వెతకాలి.