పెరగని అంకె

చిరంజీవికి ఆశీస్సులు.

గయానా మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను, అమ్మా. దక్షిణ అమెరికా ఉత్తరపు అంచున ఉన్న అంత చిన్న దేశం గురించి తెలుగులో శ్రద్ధగా రాసేవాళ్లు ఒకరు ఉన్నారని నాకు చాలా సంతోషంగా ఉంది. 2015లో అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్ మొబిల్ సముద్రం అడుగున చమురు కనుక్కోవడం, 2019 డిసెంబరులో తోడటం మొదలుపెట్టడం, 2022లో జీడీపీ ఒక్క ఏడాదిలోనే 60 శాతానికి పైగా పెరగడం, అన్నీ సరిగ్గానే రాశావు. అంకెల్లో నేను తప్పు పట్టలేదు.

కానీ నువ్వు పెరిగిన అంకెలన్నీ ఏరి తెచ్చావు. పెరగని అంకె ఒకటుంది. అది నీ వ్యాసంలో లేదు.

1980 జనాభా లెక్కల ప్రకారం గయానాలో సుమారు ఏడున్నర లక్షల మంది ఉన్నారు. 2012 లెక్కల్లో 7,46,955. ముప్పై రెండేళ్లు గడిచినా అంకె అక్కడే ఉంది. పిల్లలు పుట్టకపోలేదు. పుట్టినవాళ్లు పెరిగి, చదువుకుని, న్యూయార్కుకో టొరంటోకో లండనుకో వెళ్లిపోయారు. దేశం మొత్తం ఎనభైల్లో అప్పులతో, సరుకుల కొరతతో విసిగిపోయింది. అంతకుముందు, దేశాన్ని ఏలిన బర్న్‌హామ్ కాలంలో ఎన్నికల మీద నమ్మకం పోయింది. వీలున్నవాళ్లు వెళ్లారు, వెళ్లినవాళ్లు డబ్బు పంపారు, ఆ డబ్బుతో అక్కడ మిగిలినవాళ్లు బతికారు. చమురు రాకముందు గయానా కథ ఇదే. ఇది తెలియకపోతే చమురు వచ్చాక జరిగిందేమిటో పాఠకుడికి అర్థం కాదు.

మన పాఠకుడికి కొలత కూడా ఇవ్వాలి. గయానా విస్తీర్ణం 2,15,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. జనం మాత్రం మన విజయవాడ నగరంలో ఉన్నంత మంది కూడా లేరు. వాళ్లలోనూ నూటికి తొంభై మంది సముద్రం ఒడ్డున ఒక సన్నటి పట్టీలోనే ఉంటారు. మిగతాదంతా దాదాపు అడవే. ఇది చెప్పాక తలసరి ఆదాయం గురించి రాయి. 2024లో అక్కడ రోజుకు ఆరు లక్షల బ్యారెళ్లకు పైగా తోడారు. దాన్ని ఎనిమిది లక్షల పైచిలుకు మనుషులతో భాగిస్తే ఎంత పెద్ద అంకైనా వస్తుంది. హారం చిన్నది కాబట్టి. ఆ అంకె ఎవరి జేబులోనూ ఉండదు.

డబ్బు ఎటు పోతోందో నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. అక్కడ ఆగి రాయాలి. చమురు కంపెనీలకూ ప్రభుత్వానికీ 2016లో కుదిరిన ఒప్పందం ప్రకారం, తోడిన ప్రతి వంద బ్యారెళ్లలో 75 దాకా కంపెనీలు తమ ఖర్చు కింద తీసుకోవచ్చు. మిగిలిన 25లో సగం ప్రభుత్వానికి. దానికి తోడు, తోడిన మొత్తం చమురు మీద రాయల్టీ రెండు శాతం. అంటే ఖర్చులు తీరేదాకా వందలో పద్నాలుగున్నర బ్యారెళ్లే దేశానివి. ఆ ఒప్పందం పాఠాన్ని జనం చూసింది 2017 డిసెంబరులో. ఖర్చు అని కంపెనీ చూపించేదాన్ని ఎవరు తనిఖీ చేస్తారు, అంతమంది ఆడిటర్లూ ఇంజినీర్లూ ఆ దేశంలో ఉన్నారా అన్నది నిజమైన ప్రశ్న. చదువుకున్నవాళ్లు వెళ్లిపోయారని పైన చెప్పాను కదా, ఆ లోటు ఇక్కడ కనిపిస్తుంది. జనాభా, ఆర్థికం, వర్తమానం అని నువ్వు మూడు ఉపశీర్షికలు పెట్టావు. తీసెయ్యి. అవి మూడూ ఒకటే విషయం.

నీకు ఇలా గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట వెనిజులా మీద నేనూ ఒక వ్యాసం రాశాను. చమురు నిల్వలు, ఆదాయం, అధ్యక్షుడి ప్రసంగాలు, అన్నీ ఉన్నాయి. ఒక నెల జీతంతో అక్కడ ఏం కొనుక్కోవచ్చో మాత్రం కనుక్కోలేదు. తర్వాత ఆ దేశం నుంచి డెబ్బై లక్షలకు పైగా మనుషులు కట్టుబట్టలతో బయటపడ్డారు. ఆ రోజుల్లో పాత వ్యాసం తీసి చదువుకున్నాను. వాళ్ల జాడ అందులో ఎక్కడా లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

కాబట్టి చమురుతో సంబంధం లేని ఒక ఊరిని వెతుక్కో. 2016, 2017లో ప్రభుత్వ చక్కెర సంస్థ వేల్స్, ఎన్‌మోర్, రోజ్ హాల్, స్కెల్డన్ ఎస్టేట్లు మూసేసింది. ఏడు వేల మంది దాకా పని పోగొట్టుకున్నారు. రోజ్ హాల్ 2023లో మళ్లీ మొదలైంది. చెరకు నరికే మనిషికి చమురు ఓడలో పని దొరకదు. కానీ చమురు డబ్బు వల్ల పెరిగిన కూరగాయల ధర అతనూ కట్టాలి.

ఇక 'మనవాళ్ల' సంగతి. అధ్యక్షుడు ఇర్ఫాన్ అలీ భారత సంతతివాడని రాసి, చివర ఆశ్చర్యార్థకం పెట్టావు. ఆ గుర్తు కొట్టెయ్యి. 2012 లెక్కల్లో భారత మూలాలవాళ్లు దాదాపు 40 శాతం, ఆఫ్రికా మూలాలవాళ్లు 29 శాతం. ఒక పార్టీ వీళ్లది, ఒక పార్టీ వాళ్లది అన్నట్టుగా దశాబ్దాల పాటు రాజకీయం నడిచింది. 2020 మార్చి 2న ఓట్లు వేస్తే ఆగస్టు 2 దాకా ఫలితం తేలలేదు. ఆ అయిదు నెలలూ జనం ఎంత టెన్షన్‌తో గడిపి ఉంటారో ఊహించు. అలాంటి చోట మనం చప్పట్లు కొడితే, అక్కడ సగానికి పైగా ఉన్నవాళ్లను పక్కకు నెట్టినట్టే. 2025 సెప్టెంబరు ఎన్నికల్లో అలీ మళ్లీ గెలిచారు. కానీ కొన్ని నెలల ముందే పుట్టిన పార్టీ ఒకటి పాత ప్రతిపక్షాన్ని దాటి రెండో స్థానానికి వచ్చింది. నాకు అదే పెద్ద వార్త. నీ వ్యాసంలో అది చివరి పేరాలో ఉంది.

మనకు అక్కడ నిజమైన బంధం లేదని కాదు. 1838 నుంచి 1917 దాకా దాదాపు 2,39,000 మంది భారతీయ కూలీలను ఒప్పందాల మీద అక్కడికి తీసుకెళ్లారు. ఎక్కువమంది కలకత్తా నుంచి వెళ్లారు. 1845 నుంచి మద్రాసు ఓడలూ వెళ్లాయి, వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ వాళ్లందరికీ కలిపి మద్రాసీలనే పేరు పడింది. భాష పోయింది, మారియమ్మ పూజ మిగిలింది. ఈ నాలుగు మాటలూ రాస్తే చాలు, గర్వం ప్రకటించనక్కర్లేదు.

ఎసెక్విబో నదికి పడమటి నేలంతా తనదని వెనిజులా అంటుంది. ఆ ఎసెక్విబో తగాదాను ఇద్దరు అధ్యక్షుల గొడవలా రాశావు. సరిహద్దు మీద 1899లో మధ్యవర్తులు ఇచ్చిన తీర్పు, 2023 డిసెంబరు 3న వెనిజులా పెట్టిన రెఫరెండం, అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు, ఇవి ఉండాల్సిందే. కానీ దేశంలో మూడింట రెండు వంతులైన ఆ నేల మీద మకూషి, వపిషానా వంటి ఆదివాసులు ఉంటున్నారు. వాళ్ల పేరు కూడా రాయి.

ఒక సంగతి మర్చిపోయాను. రాజధాని జార్జ్‌టౌన్ పోటు మట్టం కంటే కింద ఉంటుంది. డచ్చివాళ్ల కాలం నుంచి కరకట్ట, దానికి తలుపులున్న తూములు. వాటిని కోకర్లంటారు. ఆటు వచ్చినప్పుడు తెరిచి ఊరి నీళ్లు వదులుతారు, పోటు వచ్చేలోగా మూస్తారు. 2005 జనవరిలో వాన నీళ్లు బయటికి పోలేక తీరంలో చాలా భాగం మునిగింది. సముద్రం పెరిగితే ఆ తలుపు తెరిచే సమయం తగ్గుతుంది. నీ వ్యాసం అక్కడ, ఆ తూము దగ్గర మొదలుపెట్టి చూడు. తలుపు తీసే మనిషికి ఎంత జీతమో, అతని అన్నదమ్ములు ఏ దేశంలో ఉన్నారో కనుక్కునే ప్రయత్నం చెయ్యి.

రెండో ప్రతి పంపేటప్పుడు ఒక పటం కూడా జత చెయ్యి, ఎసెక్విబో నది కనిపించేలా. నెలాఖరు దాకా ఊళ్లోనే ఉంటాను.

ఆశీస్సులతో.