అమ్మ చీరల బొంతలో వంకర కుట్లు

ప్రశ్న: మా అమ్మ కాలం చేసి రెండేళ్ళయింది. ఆవిడ కట్టిన నాలుగు నూలు చీరలతో, అమెరికాలో ఉన్న మా అమ్మాయికి పుట్టబోయే బిడ్డ కోసం బొంత కుట్టాను. పూర్తయ్యాక పరిచి చూసుకుంటే మనసు చివుక్కుమంది. మొదలుపెట్టిన వైపు టాకాలు బియ్యపు గింజంత ఉంటే, చివరి వైపు చింతగింజంత ఉన్నాయి. వరసలు మెలికలు తిరిగాయి. ఒక మూల మంగళగిరి చీర అంచు పక్క అంచుతో కలవక అంగుళం జరిగిపోయింది. అమెరికాలో బొంతలు కుట్టేవారు కావాలనే ఒక తప్పు వదిలేస్తారని మా తోడికోడలు ఓదారుస్తోంది. విప్పి మళ్ళీ కుట్టమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: విప్పవద్దమ్మా. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు చీర ఒంటికి అంత మెత్తగా తగలడానికీ, కాస్త లాగితే చిరగడానికీ కారణం ఒక్కటే: దాని పోగు అరిగిపోయి ఉంటుంది. అటువంటి బట్టలో టాకా విప్పితే సూది చేసిన రంధ్రం అలాగే మిగిలిపోతుంది. దాని పక్కనే మళ్ళీ గుచ్చితే రెండు రంధ్రాల నడుమ పోగు తెగి చిరుగు సాగుతుంది. వరస సరిచేయబోయి అమ్మ చీరనే పోగొట్టుకుంటారు. పైగా ఆ వంకరలకు మీ చెయ్యి ఒక్కటే కారణం కాదు. నాలుగు చీరలు నాలుగు రకాలుగా సాగి ఉంటాయి. బిగువు తగ్గని అంచు ఒకవైపు, వదులైన నడుమ భాగం మరోవైపు లాగుతుంటే, నేల మీద పరుచుకుని కుట్టేవారికి వరస తిన్నగా రావడం ఎంత అనుభవమున్నా కష్టమే.

అయితే లోపాలన్నీ ఒకటి కావు. చంటిబిడ్డ వస్తువు కనుక, పొడుగు టాకాలున్న వైపు మీ చిటికెనవేలు పెట్టి వరస వెంట నడిపించి చూడండి. వేలు ఎక్కడ దూరితే అక్కడ, పాత కుట్టు కదపకుండా, మధ్యలో మరో చిన్న టాకా వేయండి. వదులుగా వేలాడే దారం పసివాళ్ళ కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆడకుండా బిగిసిపోతుంది. అందువల్ల దారం కొసలను, ముడులను బట్ట పొరల మధ్యకు లాగి దాచండి. ఈ విషయంలో మాత్రం రాజీ పడకండి. మరొక మాట. మొదటి ఏడాది నిండేవరకు బిడ్డ పడుకునే చోట బొంతలు, దిండ్లు ఉంచవద్దని అక్కడి పిల్లల వైద్యులు చెబుతారు. మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి, దగ్గర కూర్చుని ఆడించడానికి వాడుకోమని మీ అమ్మాయికి చెప్పండి.

మీ తోడికోడలు చెప్పిన మాట పెన్సిల్వేనియా ప్రాంతంలో పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ స్త్రీల గురించి చాలాకాలంగా ప్రచారంలో ఉంది. దేవుడు తప్ప మరెవరూ పరిపూర్ణులు కారు కనుక వారు ఒక ముక్కను ఉద్దేశపూర్వకంగా తప్పుగా అతుకుతారని అంటారు. అందుకు గట్టి ఆధారాలు లేవని బొంతల చరిత్రను పరిశోధించినవారు అంటున్నారు. నాకూ అదే సబబనిపిస్తుంది. శ్రద్ధగా కుట్టే మనిషి చేతికి తప్పును వేరుగా కల్పించుకోవలసిన అవసరం ఉండదు. అమెరికాలో మీ బొంత మోటుగా కనిపిస్తుందన్న బెంగ ఉంటే అదీ వదిలేయండి. అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు అరిగిన పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు కూడా వచ్చాయి. వాటిలో చాలా గీతలు వంకరగానే ఉంటాయి.

ఇక ఆ కలవని మూల. మన పొరుగున కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ స్త్రీలు అంచుల నుంచి మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ వస్తారు. బొంత మూలల్లో చిన్న గుడ్డముక్కలను మడిచి, పొరలుగా పువ్వుల్లా కుడతారు. మీకు మరీ కంటికి గుచ్చుకుంటుంటే, అదే చీర కొంగులో మిగిలిన ముక్కతో ఆ ఒక్క మూలలో అలా కుట్టవచ్చు. నేనైతే దాన్ని అలాగే ఉంచుతాను.

మా అమ్మమ్మ బొంతలోనూ ఇటువంటి మూల ఒకటి ఉండేది. తెల్లదారం అయిపోయిందేమో, అక్కడ జానెడు మేర ఎర్రదారంతో ఎత్తుపల్లాలుగా కుట్టి ఉండేది. కాళ్ళవైపు కొస ముఖం మీదికి రాకూడదని పెద్దల పట్టింపు కదా. ఆ ఎర్ర కుట్టు తలవైపుకు గుర్తు. దీపం తీసేశాక పిల్లలం చేత్తో తడిమి, ఆ గరుకు తగిలిన వైపే తల పెట్టుకునేవాళ్ళం.

పంపేముందు బొంతను ఒకసారి చల్లనీళ్ళలో ఉతికి, నీడన ఆరేసి చూడండి. టాకాల మధ్య బట్ట ముడతలు తేలి, చిన్నా పెద్దా కుట్ల తేడా చాలావరకు అందులో కలిసిపోతుంది. ఆ మంగళగిరి అంచు జరిగిన మూల తలవైపని మీ అమ్మాయికి చెప్పి పంపండి.