రౌటర్‌కు ముందు జోన్ చెప్పు, టైమ్ అదే తెచ్చుకుంటుంది

చి॥ అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

రాత్రి 10కి ఆగాల్సిన వైఫై తెల్లవారుజామున 3:30కి ఆగుతోందన్నావు. జవాబు ఆ లెక్కలోనే ఉంది. రౌటర్ ఇంకా జీఎంటీలో, అంటే గ్రీనిచ్ టైమ్‌లో ఉంది, మనం దానికి అయిదున్నర గంటలు ముందు. కాబట్టి టైమ్ జోలికి పోకు, ఏ ప్రాంతపు టైమో చెప్పే టైమ్ జోన్ మార్చు.

రౌటర్ అడుగున స్టిక్కర్ మీద 192.168.0.1 లాంటి అడ్రసు ఉంటుంది. బ్రౌజర్‌లో అది కొట్టి లాగిన్ అవ్వు. టైమ్ సెట్టింగ్స్ ఎక్కువగా సిస్టమ్ టూల్స్ కిందే ఉంటాయి. జోన్ల జాబితాలో హైదరాబాద్ కోసం వెతక్కు. 'చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ' అని ప్లస్ 5:30 ఉన్న వరసే మనది. కిందే ఉండే 5:45 నేపాల్‌ది, వేలు జారేను. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే డేలైట్ సేవింగ్ టిక్ తీసెయ్. అది అమెరికాలో మీ అక్కకి కావాలి గానీ మనకి కాదు.

ఇంతటితో వదిలేస్తే కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. ఇంటి రౌటర్లలో చాలావాటికి గడియారం నడిపే బ్యాటరీ ఉండదు. ఆగి లేచిందంటే 1970 జనవరి 1కో, సాఫ్ట్‌వేర్ తయారైన తేదీకో పోతుంది. ల్యాప్‌టాప్ టైమ్ తీసుకునే బటన్ కూడా కరెంటు ఉన్నంతసేపే. అందుకని ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకునే ఎన్‌టీపీ ఆన్ చేసి, సర్వర్ గడిలో టైమ్.గూగుల్.కామ్ పెట్టు.

డీఎన్ఎస్ అంటే సైటు పేరుకి అంకెల అడ్రసు వెతికిపెట్టేది. దాన్ని రహస్యంగా పంపే డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్ గాని ఆన్ చేసి ఉన్నావా? అయితే ఇక్కడో మెలిక. తేదీ 1970 అయితే ఆ సర్వర్ అసలుదేనని చూపే సర్టిఫికెట్ చెల్లదు, సర్టిఫికెట్ చెల్లకపోతే డీఎన్ఎస్ పలకదు, డీఎన్ఎస్ లేకుండా టైమ్ సర్వర్ పేరు దొరకదు, అది దొరక్కుండా తేదీ మారదు. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు. పేరు బదులు 216.239.35.4 అని అంకెలే ఇచ్చేస్తే ముడి విడిపోతుంది. అదీ గూగుల్ సర్వరే.

సేవ్ చేశాక ప్లగ్ పీకి మళ్లీ పెట్టు. మూడు నిమిషాలాగి, రౌటర్ ఏం జరిగిందో టైమ్‌తో సహా రాసుకునే లాగ్ తెరిచి చూడు. మొదటి వరసల్లో '1970 జనవరి 1, 05:30' అని కనిపిస్తే కంగారుపడకు. సున్నా గంటకి అయిదున్నర కలిపిందంటే జోన్ సరిగ్గా పట్టినట్టే, టైమ్ ఇంకా రాలేదంతే. ఆ కింది వరసలు ఈరోజు తేదీలోకి దూకాలి. పది నిమిషాలైనా దూకకపోతే ముందు ఇంటర్నెట్ వచ్చిందో లేదో చూడు, ఆ తర్వాత రాకపోకల్ని అడ్డుకునే ఫైర్‌వాల్‌లో, ఎన్‌టీపీ వాడే దారి అయిన యూడీపీ 123 పోర్టు మూసేశావేమో చూడు.

కంపెనీవాళ్లు ఇచ్చిన ఫైబర్ డబ్బాకి గడియారం వేరు. వైఫై ఏ డబ్బా ఇస్తోందో దాంట్లోనే ఇదంతా చెయ్యి.

ఇంకో మాట. పిల్లల్ని ఆపలేక షెడ్యూల్‌ని సాయంత్రం 4:30కి జరిపి సర్దుకుని ఉంటే, ఇప్పుడు దాన్ని మళ్లీ 10కి మార్చు. లేకపోతే రేపు వాళ్లు బడి నుంచి వచ్చేసరికే వైఫై ఆగిపోతుంది.

మీ మామయ్య