దాగలి అనాలా, పట్టెడ అనాలా?

సందేహం: మా పాత సామాన్లలో కమ్మరులు వాడే పెద్ద ఇనుప దిమ్మ ఒకటి బయటపడింది. ఒక పక్క కొమ్ములా సాగి ఉంది. పక్కవైపు 1 2 10 అని విడివిడిగా అంకెలున్నాయి. అమ్ముదామని ప్రకటన రాయబోయి పేరు దగ్గరే ఆగిపోయాను. నాన్నగారు దాగలి అంటారు, మిత్రుడు పట్టెడ అంటాడు, నిఘంటువులో దాయి అని కూడా ఉంది. ఏది సరైనది? నేలలో సగం దాగి ఉంటుంది కాబట్టి దాగలి అయిందా? 'పురాతన దాగలి మూల్యాంకనం' అని రాయవచ్చా?

సమాధానం: మూడూ సరైన మాటలే. మీ నాన్నగారి మాట మాత్రం మీ వస్తువుకు ఎక్కువ నప్పుతుంది. నిఘంటువులు దాగలిని, పట్టెడను పర్యాయపదాలుగా చూపినా, పట్టెడ అనగానే కంసాలి ముందుండే చిన్న దిమ్మ గుర్తుకొస్తుంది. పైగా పట్టెడ అంటే మెడకు పట్టినట్టుండే నగ కూడా. 'పాత పట్టెడ అమ్మబడును' అని వేస్తే ఎన్ని తులాలని అడుగుతూ ఫోన్లు వస్తాయి. దాయి మాట పుస్తకాల్లో ఉంది కానీ ఇప్పుడు చెప్తే అర్థమయ్యేది కొద్దిమందికే.

ఇక దాగడం సంగతి. ఊహ ముచ్చటగానే ఉంది కానీ నిజం కాదు. ఈ మాటకు డాకలి, దాకలి అనే రూపాలు కూడా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టుకుని చూస్తే దారి దొరుకుతుంది. ఇదే వస్తువును తమిళంలో అడైకల్ అంటారు, కన్నడంలో అడిగల్లు, అడగల్లు అంటారు. అడ అంటే ఆధారం, కల్ అంటే రాయి. దెబ్బకు ఆధారంగా కింద ఉండే రాయి అన్నమాట. మొదటి అచ్చు, దాని పక్కనున్న హల్లు చోటు మార్చుకుని, ఆ అచ్చు దీర్ఘం కావడం తెలుగులో మామూలే. తమిళం ఉరల్ మనకు రోలు అయింది, ఉలక్కై రోకలి అయింది, అవన్ వాడు అయ్యాడు. అలాగే అడ కాస్తా డా అయింది. ఆ తర్వాత డిగు దిగు అయినట్టు, డగ్గర దగ్గర అయినట్టు, డాకలి దాకలి అయి, చివరికి దాగలిగా స్థిరపడింది.

అంటే మీ ఇనుప దిమ్మ పేరులో ఒక రాయి ఉంది! ఇనుముకు ముందు ఈ పని రాతి మీదే జరిగేదని పేరును బట్టి ఊహించవచ్చు. తిరగలిలోని 'గలి' కూడా ఈ రాయే: తిరిగే కల్లు. సన్నికల్లులో అది ముసుగు లేకుండానే కనిపిస్తుంది. అలాగని గలి కనిపించిన ప్రతిచోటా రాయిని వెతకకండి, నాగలిలో అది లేదు.

సంస్కృతంలో దాగలికి కూటమనే పేరుంది. భగవద్గీత ఆరో అధ్యాయంలో వచ్చే 'కూటస్థ' మాటను కొందరు వ్యాఖ్యాతలు ఈ అర్థంతోనే విప్పుతారు. దాని మీద పెట్టిన ఇనుము ఎన్ని రూపాలు మారినా దాగలి మారదు కదా, అలా ఉండేవాడు కూటస్థుడు. అయితే కూటానికి శిఖరం, సమ్మెట లాంటి అర్థాలు కూడా ఉన్నాయి కాబట్టి ప్రకటనలో దాని జోలికి పోవద్దు.

మూల్యాంకనం అనగానే నాకు జవాబు పత్రాలు దిద్దేవాళ్ల టెన్షన్ గుర్తొస్తుంది. దాగలికి 'విలువ కట్టడం' చాలు. విలువ, వెల ఒకే ధాతువు నుంచి పుట్టాయి. తమిళంలో విల్ అంటే అమ్మడం, విలై అంటే వెల. ఇప్పుడు వాడుకలో మాత్రం వస్తువుకు ఉండేది విలువ, దానికి మనం చెప్పేది వెల. ఖరీదు పారసీ నుంచి వచ్చింది, అక్కడ దానికి కొనుగోలు అని అర్థం. పురాతన అనే మాటను కూడా అంత సులభంగా వాడకండి. వందేళ్ల వస్తువుకు 'పాత' అన్న మాటే నిజాయితీగా ఉంటుంది.

అంకెలు అడగలేదు కానీ చెప్పకపోతే మీరు నష్టపోతారు. అవి సంవత్సరమో నంబరో కాదు, బహుశా బరువు. పాత ఇంగ్లండు దాగళ్ల మీద మొదటి అంకె హండ్రెడ్‌వెయిట్లు, రెండోది అందులో పావులు, మూడోది పౌండ్లు. పేరులో వంద ఉన్నా హండ్రెడ్‌వెయిట్ అంటే 112 పౌండ్లు, పావు అంటే 28. అందుకే దీన్ని శతభారం అని అనువదించి జనాన్ని తికమక పెట్టవద్దు. మీ లెక్క 112, 56, 10 కలిపి 178 పౌండ్లు, దాదాపు 81 కిలోలు. కాటా మీద కూడా అంతే తూగితే నమ్మవచ్చు. బ్రష్‌తో తుడిచి తయారీదారు పేరు కోసం చూడండి. పీటర్ రైట్ లాంటి పేరు కనిపిస్తే కొనేవాళ్లు తుక్కు లెక్కన అడగరు.

దాగలి ముఖం మీద చిన్న ఉక్కు గుండు వదిలితే, వదిలిన ఎత్తులో ముప్పాతికకు పైగా తిరిగి లేవాలి. మంచి ఉక్కు ముఖమని దానర్థం. సుత్తితో తడితే ఖంగుమనాలంటారు కానీ అమెరికాలో తయారైన ఫిషర్ దాగళ్లు నాణ్యమైనవే అయినా మోగవు. అంచులు విరిగాయా, ముఖం నడుమ పల్లం పడిందా అన్నవి కూడా రాయండి. కొత్తగా కనిపించాలని ముఖాన్ని గ్రైండర్‌తో అరగదీయించారో, గట్టి ఉక్కు పొర పోయి విలువ పడిపోతుంది.

ప్రకటన ఇలా ఉంటే చాలు: 'పాత కమ్మరి దాగలి, ఒక కొమ్ముది, సుమారు 81 కిలోలు, అమ్మకానికి.' పంపేముందు మాత్రం ఒకసారి చదువుకోండి. నా ఫోన్ ఈ జవాబులోనే నాలుగుసార్లు దాగలిని నాగలి చేసింది.