రోస్టర్‌తో కక్ష తీర్చుకుంటుంటే ఏం చెయ్యాలి?

ప్రశ్న: మేడం నమస్తే. మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) అయ్యాక శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తన్నాను. మా ఇన్‌చార్జి సిస్టర్ పేషెంట్ల ముందే ‘ఏటే గుంటా, నీకు ఐవీ పెట్టడం ఎవలు నేర్పారే’ అని అరుస్తాది. ఓరోజు నేనివ్వని ఇంజెక్షన్ ఇచ్చినట్టు డ్రగ్ చార్ట్‌లో సంతకం పెట్టమంటే పెట్టలేదు, పైగా సూపరింటెండెంట్‌కి చెప్పాను. అప్పట్నుంచి వరసగా నైట్లే, నైట్ దిగాక మార్నింగ్ కూడా చెయ్యమంటారు, వీక్లీ ఆఫ్ అడిగితే మెమో ఇచ్చారు. మానేద్దామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. ఇంట్లో చెప్తే ‘పెళ్లి కావాల్సిన పిల్లవి, ఓర్చుకో’ అంటన్నారు. – పేరు వద్దు

జవాబు: అమ్మా, ఆ సంతకం పెట్టకపోవడం చాలా మంచి పని. రేపు ఆ పేషెంట్‌కి ఏదైనా అయితే కేస్ షీట్‌లో కనిపించేది నీ సంతకమే గానీ ఇన్‌చార్జి నోటిమాట కాదు, నర్సుగా రిజిస్ట్రేషన్ కూడా నీ పేరు మీదే కదా ఉంది.

స్టాఫ్ తక్కువైతే నైట్లు అందరికీ పడతాయి, దాన్ని వేధింపు అనలేం. కానీ నీ ఒక్కదానికే, అదీ నువ్వు పైకి చెప్పాకే మొదలైతే అది రోస్టర్‌లోనే, అంటే ఎవరికి ఏ షిఫ్టో రాసే పట్టికలోనే తెలిసిపోద్ది. అందుకే కంప్లయింట్‌కి ముందు నెలవీ తర్వాత నెలలవీ రోస్టర్లు ఫొటో తీసి పెట్టుకో, నీ సొంత నోట్‌బుక్‌లో తేదీ, షిఫ్టు, ఎవరేమన్నారు, ఎవరు విన్నారు అనేది ఆ రోజే రాసుకో. కేస్ షీట్ ఫొటో మాత్రం పొరపాటున కూడా తియ్యకు, పేషెంట్ వివరాలు బయటపెట్టిందని తిప్పి నీ మీదే పెడతారు. డబుల్ డ్యూటీ నోటితో చెప్తే ‘సిస్టర్, మీరు చెప్పినట్టే నైట్ అయ్యాక మార్నింగ్ కూడా చేస్తున్నాను’ అని మర్యాదగా ఒక వాట్సాప్ మెసేజ్ ఆవిడకే పెట్టెయ్, గ్రూపులో వద్దు. మెమోకి జవాబు రాతలోనే ఇవ్వు, కాపీ మీద తీసుకున్నట్టు సంతకం అడుగు, పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపు.

ఇక సర్టిఫికెట్లు. నన్నడిగితే ఏ పోరాటమైనా అవి చేతికొచ్చాకే, ఎందుకంటే అవి వాళ్ల బీరువాలో ఉన్నంత కాలం నీ జుట్టు వాళ్ల చేతిలో ఉన్నట్టే. జాబ్‌లో చేరాక ఒరిజినల్స్ పట్టుకు కూర్చునే హక్కు యజమానికి లేదు, బాండ్ రాయించుకున్నా సరే. ముందు లెటర్ పెట్టి అడుగు. ఇవ్వకపోతే కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, ఫోన్ నంబర్ 15100. వాళ్ల నోటీసు వెళ్తే చాలా ఆస్పత్రులు గొడవెందుకని ఇచ్చేస్తాయి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ కూడా పెట్టొచ్చు, రసీదు తీసుకోవడం మర్చిపోకు.

జీతం, ఓవర్‌టైం, ఆఫ్‌ల సంగతికి లేబర్ ఆఫీసు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందే, రిజైన్ చేస్తే రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. (సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ 2016లోనే 50 బెడ్ల లోపు ఆస్పత్రిలో కూడా నర్సు జీతం నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదంది. అది సిఫార్సే, చట్టం కాదు, మన జిల్లాల్లో ఎంతిస్తున్నారో నీకే బాగా తెలుసు.) ఇంకోటి, అక్కడ ఎవరైనా అసభ్యంగా మాట్లాడినా, చెయ్యి వేసినా అది వేరే కేసు. లైంగిక వేధింపుల చట్టం ప్రకారం పది మంది, ఆపైన పనిచేసే చోట ఫిర్యాదులు తీసుకునే ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలి, మూడు నెలల్లోపు రాసివ్వాలి. ఉత్త తిట్లకి ఆ చట్టం పనికిరాదు.

ఈలోగా ఒళ్లు జాగ్రత్త. తెల్లారుజామున మూడు నుంచి ఐదు దాకా బుర్ర మొద్దుబారిపోద్ది, ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం లాంటి డోసు తప్పితే ప్రమాదమయ్యే మందులు ఆ టైంలో పక్క సిస్టర్‌కి చూపించే ఇవ్వు. డబుల్ డ్యూటీ దిగి స్కూటీ మీద ఆమదాలవలస రోడ్డెక్కకు, బస్సెక్కు. ఆఫ్ రోజున కూడా నిద్ర పట్టక ఏడుపొస్తుంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు.

అమ్మానాన్నలతో తగువు పడకు. ఇంకో ఆస్పత్రిలో ఇంటర్వ్యూ చూసుకుని, చేతిలో ఆఫర్ పెట్టుకుని అప్పుడు చెప్పు, వాళ్ల భయం నీ ఉద్యోగం పోతుందనే కదా.

ప్రశ్న: విజయనగరంలో ఇన్‌చార్జి సిస్టర్‌గా చేస్తున్నాను. ఈ కాలం పిల్లల్ని ఒక్క మాటంటే హెరాస్‌మెంట్ అంటున్నారు, మరి తప్పు చేస్తే ఊరుకోమంటారా? – ఒక సిస్టర్

జవాబు: ఊరుకోవద్దు మేడం, ప్రాణాలతో పని. అవసరమైతే గట్టిగానే చెప్పండి గానీ డ్యూటీ రూంలోకి పిలిచి, ఏ తప్పో అది మాత్రమే చెప్పండి, పేషెంట్ అటెండర్ల ముందు వద్దు, వాళ్లు రేపు ఆ పిల్ల చేత ఇంజెక్షన్ వేయించుకోరు. మీ మీద పైకి చెప్పినవాళ్లకి మాత్రం ఆ నెల రోస్టర్ మీరు వెయ్యకండి, సూపరింటెండెంట్ గారినే వెయ్యమనండి.