స్థానిక రాజకీయ కన్సల్టెంట్ బతుకు ఎలా ఉంటుంది? ఇదే వృత్తిగా స్థిరపడొచ్చా?

ఉమ్మడి కృష్ణా జిల్లాలో నియోజకవర్గ స్థాయిలో ఈ పని చేస్తున్నాను. ఇదొక్కటే నమ్ముకుని స్థిరపడటం కష్టం.

కన్సల్టెంట్ అనగానే అందరికీ ప్రశాంత్ కిషోర్ గుర్తొస్తారు. మాలాంటివాళ్ల ప్రపంచం అంత పెద్దది కాదు. టికెట్ ఆశించే ఒక నాయకుడు, ఆయన బావమరిది, నలుగురు మండల నాయకులు, అంతే. నేను సర్వే కుర్రాడిగా మొదలయ్యాను. రోజు కూలి, పెట్రోలు డబ్బులు, చేతిలో ట్యాబ్. చాలామంది వచ్చే దారి ఇదే.

అసలు పని ఫారం 20తో మొదలవుతుంది. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పే పట్టిక అది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకోవడం తేలికే, వాడుకోవడమే తలనొప్పి. ఒక ఎన్నికకూ మరోదానికీ మధ్య బూత్‌లను చీలుస్తారు, కలుపుతారు, నంబర్లు మారిపోతాయి. ఊరి పేరు, బడి పేరు పట్టుకుని పాతదాన్నీ కొత్తదాన్నీ జత చేసుకోవాలి. అప్పుడు గట్టి బూత్‌లేవో, ఊగిసలాడేవేవో, ఆశ వదులుకోవాల్సినవేవో తేలతాయి. మనుషుల్నీ డబ్బునీ ఊగిసలాడేవాటి మీదే పెట్టాలి. కానీ అభ్యర్థికి సొంతూళ్లో భారీ మెజారిటీ కావాలి, పరువు సమస్య కదా! ఈ ఒక్కటి ఒప్పించడానికే అర్ధరాత్రి దాకా కూర్చోవాల్సి వస్తుంది.

సర్వే సంగతీ అంతే. “ఎవరికి వేస్తారు?” అని గుమ్మంలోనే అడిగితే మా ఊళ్లలో నిజం రాదు. పార్టీ కార్యకర్త బండి ఎక్కి వెళ్లారో, ఇక ఊరంతా ఆ పార్టీయే. అందుకే ముందు రోడ్డు, పింఛను, పంట ధర గురించి మాట్లాడిస్తాం. ఆ తర్వాత ఈ ఊళ్లో ఎవరికి ఎక్కువ పడేలా ఉన్నాయని, క్రితంసారి మీరు ఎవరికి వేశారని అడుగుతాం. క్రితంసారి జవాబుల్ని అదే బూత్ ఫారం 20 పక్కన పెడితే జనం ఎంత దాస్తున్నారో తెలిసిపోతుంది. గెలిచినవాళ్లకే వేశామని చెప్పేవాళ్లు నిజంగా వేసినవాళ్లకంటే ఎక్కువే ఉంటారు.

లెక్క తేలాక అది చెప్పడం ఇంకో విద్య. రెండు మండలాల్లో వెనకబడ్డారని ఒకాయనకు చెబితే, “తమ్ముడూ, నీ కంప్యూటర్‌కి మా మండలం తెలీదు” అన్నారు. పక్కనున్నవాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, నన్ను అవతలి పార్టీ కొనేసిందని ఆయన చెవిన వేశారు. ఇలాంటివి మామూలే. చుట్టూ ఉన్నవాళ్లు “పాజిటివ్‌గా ఉంది అన్నా” అంటుంటే కాదనేవాడు ఎవరికి నచ్చుతాడు?

మా పనితో ఫలితం మారుతుందా అంటే, విజయవాడ సెంట్రల్ చూడండి. 2019లో వైసీపీ అభ్యర్థి మల్లాది విష్ణు అక్కడ 25 ఓట్లతో గెలిచారు, టీడీపీ అభ్యర్థి బొండా ఉమా ఓడారు. అలాంటి చోట ఒక్క వీధిలో ఓటర్ల జాబితా సరిగ్గా చూసుకున్నా, హైదరాబాద్‌లో ఉన్న పది కుటుంబాలకు ఫోన్ చేసి ఊరికి రమ్మన్నా ఫలితం తారుమారయ్యేది. 2024లో అదే సీటును బొండా ఉమా 68 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. అంత గాలి వీచినప్పుడు బూత్ లెక్కలు ఏం చేస్తాయి? పెద్ద కంపెనీలదీ ఇదే కథ. ప్రశాంత్ కిషోర్ పెట్టిన కన్సల్టెన్సీ ఐప్యాక్ 2019లో వైసీపీకి పనిచేసినప్పుడు 175కి 151 సీట్లు వచ్చాయి, 2024లోనూ పనిచేస్తే 11 వచ్చాయి. గెలిస్తే నాయకుడి ఇమేజ్, ఓడితే సర్వేవాళ్ల తప్పు.

ఇక డబ్బులు. 2019లో ఏప్రిల్ 11న పోలింగ్, మే 23న ఫలితాలు. ఆ నలభై రోజులూ బాకీ ఉన్న కన్సల్టెంట్లకు నిద్ర ఉండదు. ఓడిన అభ్యర్థి ఫోన్ ఎత్తడు, గెలిచినవాడికి తీరికుండదు. అందుకే నామినేషన్ లోపే సింహభాగం తీసుకోండి. ఇంకో కారణం కూడా ఉంది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రాల్లో 40 లక్షలు, నామినేషన్ రోజు నుంచి ఫలితం దాకా పెట్టే ఖర్చంతా ఆ లెక్కలోకే వస్తుంది. ఆ రోజుల్లో మీ బిల్లు ఎవరికైనా బరువే.

ఎన్నికలు లేని ఏళ్లలో ఎమ్మెల్యేల సోషల్ మీడియా పేజీలు, పుట్టినరోజు పోస్టర్లు, మున్సిపల్ ఎన్నికల సర్వేలు. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి, వాటిలో మాకు పెద్దగా దొరకదు. ఇంటి అద్దె కోసం నేను ఒక షాపుకి జీఎస్టీ లెక్కలు కూడా చూస్తాను. పెళ్లి సంబంధాలప్పుడు మావాళ్లు నా ఉద్యోగం “డేటా అనాలిసిస్” అని చెప్పారు, అబద్ధమైతే కాదు.

మీరు దిగాలనే అనుకుంటే డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు. ఎక్సెల్ బాగా నేర్చుకోండి. దానికంటే ముందు ఒక ఎన్నికలో పోలింగ్ ఏజెంటుగా పొద్దున్నుంచి సాయంత్రం దాకా బూత్‌లో కూర్చుని, ఎంతమంది ఓటేశారో రాసిన ఫారం 17సి నకలు చేతికొచ్చాకే లేవండి.